రిపోర్టు మంచిగ రావాలె

నా బిడ్డకు పందొమ్మిదేళ్లు నిండిన ఏడాది మా అత్తమ్మ నన్ను మళ్లీ బాలింతను చేసింది. చెవుల్లో దూది పెట్టింది. తలకు ఉన్ని స్కార్ఫు కట్టింది. మంచం కింద కుంపటి పెట్టి వాము పొగ వేసింది. నా పక్కలో పసిగుడ్డుకు బదులు ఒక మిషన్ ఉంది. అరచేతిలో పట్టేంతది. దాని తీగలు నా ఛాతీ మీద అక్కడా ఇక్కడా అతికించి ఉన్నాయి. ఒక పగలూ ఒక రాత్రీ నా గుండె ఎలా కొట్టుకుంటుందో అది ఎక్కించుకుంటుందని చెప్పి, దవాఖానలో తగిలించి పంపారు. ఈ ముచ్చట ఎవరికి చెప్పినా నవ్వుతారు. నేనూ నవ్వుతాను. కానీ అంత హాయైన నిద్ర నేను ఎన్నడూ పోలేదు. అంత నష్టం చేసిన నిద్ర కూడా మరొకటి లేదు.

నేను బస్సు కండక్టర్ని. సిద్దిపేట నుంచి దౌల్తాబాద్ వైపు తిరిగే బస్సులో నా డ్యూటీ. ఆడవాళ్లకు టికెట్ పైసలు లేకుండా పోయినప్పటి నుంచి నా బస్సులో నేల కనిపించడం మానేసింది. దాని మీద నాకు ఫిర్యాదు లేదు. ఎవరి చెయ్యీ చూడకుండా ఒక మనిషి చీర కొంగు సర్దుకుని తల్లిగారింటికి బయల్దేరితే నాకు ముచ్చటగానే ఉంటుంది. అయితే ముచ్చట వేరు, అంత జనంలో టికెట్ మిషన్ ఎత్తిపట్టుకుని ఈ కొస నుంచి ఆ కొసకు ఈదడం వేరు. ఆ ఈతలో నా కళ్లెప్పుడూ తలుపు మీదే ఉంటాయి. ఎవరెక్కారు, ఎవరి కాలు ఇంకా బయటే ఉంది, బస్సు ఆగకముందే ఎవరు దిగబోతున్నారు అని.

వానాకాలంలో ఒక సాయంత్రం బస్సుకు బర్రె అడ్డం వచ్చింది. డ్రైవరన్న గట్టిగా బ్రేకు కొట్టాడు. తలుపు దగ్గర చంకలో పిల్లతో నిలబడ్డ ఒక ఆమె బయటికి ఊగింది. నేను ఆమె మోచెయ్యి పట్టుకున్నాను. అంతే. ఏమీ కాలేదు. పిల్ల ఏడవను కూడా లేదు. "చెయ్యి గట్టిదే అక్కా నీది" అని ఆమె నవ్వింది. అందరూ కలిసి బర్రెను తిట్టారు, దాని ఆసామిని తిట్టారు, బస్సు కదిలింది. నేను మిగతా టికెట్లు కొట్టాను. ఆఖరి ఊళ్లో అందరూ దిగిపోయాక, ఖాళీ బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు నా గుండె అదిరింది.

మొదట గుండె కొట్టుకునే దెబ్బ ఒకటి తప్పింది. ఆ వెనక దెబ్బలన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి, అచ్చం నా బస్సు ఎక్కే జనంలాగే. చిత్రమేమిటంటే భయం కంటే ముందు నాకొక మత్తు వచ్చింది. చప్పుళ్లన్నీ దూరం జరిగాయి. రోడ్డు మీద ఆరబోసిన మక్కలు, వాటి మీద పడ్డ పలచటి ఎండ, వాటి చుట్టూ ఎగిరే పిచ్చుకలు, అన్నీ నీళ్ల అడుగున ఉన్నట్టు కనిపించాయి. డ్రైవరన్న ఏదో అడుగుతున్నాడు, పెదవులు కదులుతున్నాయి. చనిపోవడం ఇలాగే ఉంటుందేమో, ఇంత నెమ్మదిగా ఉంటే పరవాలేదు అనుకున్నాను. ఆ తర్వాతే భయం వచ్చింది. వచ్చి, నన్ను వదలలేదు.

ఆ రోజు నుంచి అది చెప్పాపెట్టకుండా వచ్చి పోయేది. దవాఖానకు ఉరికేసరికి గుండె బుద్ధిమంతురాలైపోయేది. ఈసీజీ తీస్తే గీతలన్నీ వరుసగా, చక్కగా, ఏ తప్పూ లేకుండా ఉండేవి. ఇంకేముంది, గ్యాస్ అన్నారు. డిపోలో గ్యాస్ అన్నారు, మందుల షాపులో గ్యాస్ అన్నారు, మా వాడలో గ్యాస్ కాని రోగమే లేదు. మా ఆయన బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాడు. మెదక్ రోడ్డులో చిన్న షాపు. ఆయన గ్యాస్ అనలేదు గానీ, "టెన్షన్ పడకు" అన్నాడు. టెన్షన్‌ను నేనేదో సంచిలో పెట్టుకుని మోస్తున్నట్టు, కావాలంటే కింద పెట్టొచ్చన్నట్టు.

మా అత్తమ్మ అయితే ఆశ్చర్యపోయింది.

"కూసుండి టికెట్లు కొట్టే నౌకరి. ఎండల నిలవడ్తివా, నాట్లేస్తివా? టెన్షన్ ఏంది పిల్లా?" అంది.

ఆమెది వంగి వంగి నాట్లు వేసి, ఆ తర్వాత కూర్చుని కూర్చుని బీడీలు చుట్టి అరిగిన నడుము. ఆ నడుము ముందు నా గుండె ఎంత? నాకు కోపం వచ్చేది. కోపం వస్తే మళ్లీ అదిరేది. అందుకని కోపం కూడా తెచ్చుకోవడం మానేశాను. నా బోటి కోపిష్టికి అదెంత కష్టమో మా వాడంతా చెబుతుంది.

డిపోలో మా సారు మంచివాడే. కూర్చుని చేసే పని ఇవ్వమని అడిగితే కాదనలేదు. "ఇస్త చెల్లె. గని దవాఖాన నుంచి కాయితం తే. ఉత్త మాట మీద ఇస్తే రేపు అందరడుగుతరు" అన్నాడు. అది న్యాయమే. అయితే నా చేతిలో ఉన్న కాగితాలన్నీ నాకేమీ లేదనే చెబుతున్నాయి. నాకు కావలసింది జబ్బు ఉందని చెప్పే ఒక్క కాగితం. అది దొరికేదాకా నేను ఆ తలుపు దగ్గరే నిలబడాలి. పగలల్లా నన్ను తినేసిన భయం చావు భయం కాదు. ఇంకోసారి బర్రె అడ్డం వస్తే, ఇంకో ఆమె బయటికి ఊగితే, ఆ క్షణాన నా గుండె అదిరి నా చెయ్యి లేవకపోతే ఎలా అన్నది నా భయం.

చివరికి గుండె డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. నా బిడ్డ కంటే పదేళ్లు పెద్దదై ఉంటుందేమో. ఆమె నన్ను మధ్యలో ఆపకుండా విన్నది. అదే నాకు సగం మందు. స్కానులో గుండె బొమ్మ తీయించింది, అది బాగానే ఉంది. "వచ్చినప్పుడు పట్టుకోవాలమ్మా. దానికో మిషన్ ఉంది. కానీ మీకంటే ముందు చాలామంది లైన్లో ఉన్నారు" అంది.

ఆ ఎదురుచూపు రోజులు నాకు ఇప్పుడు కలలోలాగే గుర్తున్నాయి. చలికాలం మొదలైంది. తెల్లవారి డిపోకు పోయేటప్పుడు కోమటి చెరువు మీద మంచు లేచి కట్ట మీద నడిచేవాళ్ల కాళ్లను మింగేది. నడుముల నుంచి పైకి మాత్రమే మనుషులు తేలిపోతూ ఉండేవారు. బస్సులో గుండె అదిరినప్పుడల్లా నేనొక ఉపాయం చేసేదాన్ని. ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, కిటికీలోంచి అన్నిటికంటే దూరంగా ఉన్న దేన్నో ఒకదాన్ని చూసేదాన్ని. ఒక తాటిచెట్టు, ఒక సెల్ టవరు, గుట్ట మీద ఒక తెల్లటి రాయి. దగ్గరివన్నీ ఉరుకుతుంటే దూరంగా ఉన్నది మాత్రం నాతోపాటే మెల్లగా నడిచి వచ్చేది. అది కనుమరుగయ్యేలోపు గుండె సర్దుకుంటే బతికిపోయాను అనుకునేదాన్ని. "టికెట్ అక్కా, టికెట్" అని ఎవరో భుజం తట్టేవారు. ఏమీ కానట్టే టికెట్ కొట్టేదాన్ని.

మిషన్ వంతు వచ్చిన రోజు మా ఆయన తోడు వచ్చాడు. తీగలు అతికిస్తూ డాక్టరమ్మ మా ఇద్దరికీ విడమరిచి చెప్పింది. "రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండాలి. డ్యూటీకి వెళ్లండి. అదిరినట్టనిపిస్తే ఈ బటన్ నొక్కండి. నీళ్లు మాత్రం తగలనివ్వొద్దు." మా ఆయన తల ఊపాడు. కానీ పెళ్లాం ఛాతీ మీద తీగలు చూసేసరికి ఆయన చెవులు మూతపడ్డాయనుకుంటాను. ఇంటికి రాగానే వాళ్ల అమ్మతో చెప్పింది ఒకే ఒక్క మాట.

"గుండె ఎట్లున్నదో అంత మిషన్ల ఎక్కుతదంటనే."

"అట్లనా? అయితే మంచిగ ఎక్కాలె. రిపోర్టు మంచిగ రావాలె" అంది అత్తమ్మ.

ఆ మాటతో నా పని అయిపోయింది. మా ఇంట్లో పరీక్ష అంటే పాసు కావలసిందే. షుగరు పరీక్షకు పోయే ముందు మా మామ వారం రోజులు చాయ మానేసేవాడు. బీపీ చూపించుకునే రోజు మా ఆడబిడ్డ ఉప్పు ముట్టదు. గెలిచి వచ్చి మళ్లీ మామూలే. అలాంటి ఇంటికి నేను గుండెకు మిషన్ కట్టుకుని వచ్చాను.

ఆడదానికి విశ్రాంతి ఇవ్వాలంటే మా అత్తమ్మకు తెలిసిన పద్ధతి ఒక్కటే, బాలింత పద్ధతి. మా ఆయనతో డిపోకు ఫోన్ చేయించి సెలవు పెట్టించింది. కిటికీకి దుప్పటి కట్టింది. వెల్లిపాయ కారం నూరి, నెయ్యి వేసి, వేడి అన్నంలో కలిపి ముద్దలు పెట్టింది. వేడినీళ్ల స్నానం కూడా చేయించేదే, నీళ్లు తగలొద్దన్నది మాత్రం మా ఆయనకు గుర్తుండి ఆపాడు. నేను లేచి ఖాకీ అంగీ అందుకోబోయాను. "రోజు లెక్కనే ఉండుమన్నరు అత్తమ్మా" అన్నాను.

"రోజు లెక్కనే ఉంటే రోజు లెక్కనే ఎక్కుతది. గప్‌చుప్ పండుకో" అని భుజం నొక్కింది.

మా ఇంటి ఎదురుగా పిండి గిర్ని ఉంది. దాన్ని నడిపే ఆమెను వాడంతా ఆపా అంటాం. అత్తమ్మ పోయి ఏం చెప్పిందో ఏమో, ఆపా గిర్ని ఆపేసి, పిండి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి గడపలో నిలబడింది. "ఫికర్ నక్కో బిడ్డా, భయపడకు. గిర్ని బంద్ పెట్టిన. పిండి రేపు పడితే ఏం కొంపలు మునగయి" అంది. కూరగాయల బండి మైకు నోరు మూయించింది కూడా ఆమేనట.

గిర్ని ఆగిన మా వాడను నేను ఎన్నడూ వినలేదు. వినడానికి ఏమీ లేదు, అదే దాని అందం. దుప్పటి సందులోంచి ఒక వెలుతురు గీత లోపలికి వచ్చి, వాము పొగలో ఊగి, గోడ మీద ఆగింది. చెవుల్లో దూది ఉండటంతో బయటి లోకం పోయి, నా లోపలి చప్పుడు వినిపించడం మొదలైంది. పక్క గదిలో ఎవరో చెప్పులు లేకుండా, తొందర లేకుండా నడుస్తున్నట్టు ఉంది. అది నా గుండే. ఎన్ని నెలలుగా దాన్ని చూసి భయపడ్డాను! ఇప్పుడది ఇంత మంచి మనిషిలా నడుస్తుంటే జాలి వేసింది. వింటూ వింటూ నిద్రలోకి జారాను. నిద్రలో నా బస్సు వచ్చింది. అందులో ఎవరూ లేరు. సీట్ల మీద ఎండ కూర్చుని ఉంది. డ్రైవరు సీటులో కూడా ఎవరూ లేరు, అయినా బస్సు నెమ్మదిగా చెరువు మీద పోతోంది, టైర్ల కింద నీళ్లు చిందడం లేదు. నేను ఎవరికీ టికెట్ కొట్టనక్కరలేదు. తలుపు మూసి ఉంది. అది చూసి నేను నిద్రలోనే ఏడ్చానని, దిండు తడిసిందని అత్తమ్మ తర్వాత చెప్పింది. మెలకువ వస్తే ముద్ద, ముద్ద తింటే నిద్ర. అలా గడిచిపోయింది ఆ మిషన్ నాతో ఉన్న సమయమంతా.

రిపోర్టు అద్భుతంగా వచ్చింది. డాక్టరమ్మ తెర మీద అటూ ఇటూ జరిపి చూసింది. "ఒక్క బీట్ కూడా తప్పలేదమ్మా. ఆ రోజు ఏం చేశారు?"

"పండుకున్న మేడం."

"రోజంతా?"

"రోజంత."

ఆమె కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. నవ్వాలో కోప్పడాలో తెలియని ముఖం. "దీన్ని చూసి నేను కాగితం రాయలేను. మళ్లీ పెట్టాలి. మళ్లీ లైన్లో ఆగాలి" అంది.

ఇంటికి వస్తే అత్తమ్మ పేడాలు తెప్పించి పెట్టింది. మా ఆయన ఫోన్లో 'నార్మల్' అన్న ముక్క చెప్పేశాడట. వాడలో ప్రతి ఇంటికీ పంచింది. ఆపా నా తల మీద చెయ్యి పెట్టి దువా చేసింది. నా నోట్లో కూడా ఒక పేడా పెట్టారు. అందరూ నన్ను చూసి సంబరపడుతుండగా, ఆ తీపి నోట్లో ఉండగానే నా గుండె అదిరింది. గోడకు ఆనుకున్నాను. ఎవరూ చూడలేదు. నాకు అంత ఒంటరితనం ముందెప్పుడూ అనిపించలేదు. నా మంచి కోరి సంబరపడేవాళ్ల మధ్య నిలబడి, నాకు జబ్బుందని తేలితే బాగుండు దేవుడా అని మొక్కుకున్నాను. అలా మొక్కే మనిషి ఉంటుందా అంటే, ఉంది, నేనే.

ఆ సాయంత్రం మా ఆయన మీద విరుచుకుపడ్డాను. కోపం మానేసిన నెలలన్నిటి కోపం ఒక్కసారే వచ్చింది.

"నీ షాపుల మోటర్ బాగ్ జేసినంక, నీళ్లల్ల దింపకుంట, లోడ్ వెట్టకుంట, ఉత్తగ తిప్పి మంచిగున్నదని ఇస్తవా?"

"ఎట్లిస్తనే? ఉత్తగ తిరిగితే ఏం తెలుస్తది? లోడ్ మీదనే గదా..." అని ఆగిపోయాడు. నోరు తెరిచి అలాగే ఉన్నాడు. ఆ ముఖం చూస్తే కోపంలోనూ నవ్వొచ్చింది. మెల్లగా అన్నాడు, "అయ్యో. నేను నిన్ను ఉత్తగ తిప్పిన."

ఆయన వెళ్లి వాళ్లమ్మకు చెప్పాడు. ఆమె నా దగ్గరికి వచ్చి గడపలో నిలబడే అడిగింది. "అంటే మంచిగ సూసుకునుడు తప్పయిందా? ఆగం జేయాల్నా నిన్ను?" నాకూ బాధేసింది. ఆ రోజు ఆమె పెట్టిన ముద్దల్లో ఒక్కటి కూడా అబద్ధం కాదు. "నువ్వు ఆగం జేసుడు అవసరం లేదు అత్తమ్మా. బస్సే జేస్తది" అన్నాను. ఆమెకు ఆ మాట అర్థం కాలేదు. కూర్చుని చేసే నౌకరి ఎవరినైనా ఎలా ఆగం చేస్తుందో ఆమె ఎన్నడూ చూడలేదు మరి.

మళ్లీ వంతు వచ్చేసరికి మాఘమాసం, పెళ్లిళ్ల రోజులు. పొద్దున్నే దవాఖానకు పోయి మిషన్ తగిలించుకుని వచ్చి, పైన ఖాకీ అంగీ వేసుకుని బయల్దేరబోతుంటే అత్తమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని, ఆధార్ కార్డు కొంగున ముడేసుకుని వాకిట్లో నిలబడి ఉంది.

"నేను గూడ వస్త."

"ఏడికి?"

"నీ బస్సు ఏడికి వోతే గాడికి. ఆడోళ్లకు టికెట్ లేదు గదా. నన్ను వద్దంటానికి నీకేం అధికారం?"

ఆమె డ్రైవరు వెనక సీటులో కిటికీ పక్కన కూర్చుంది. మొదటి ట్రిప్పు ఆమెకు పండుగే. పక్కన కూర్చున్న ప్రతి మనిషికీ "గామె నా కోడలు" అని నన్ను చూపించింది. రెండో ట్రిప్పుకు జనం పెరిగారు. పెళ్లికి పోయేవాళ్లు, పెళ్లి నుంచి వచ్చేవాళ్లు, పట్టుచీరలు, సంచులు, నిద్రపోయిన పిల్లలు, వాంతి చేసుకునే పిల్లలు. ఆధార్ లేని ఒక ఆమె నా మీద ఎగిరింది. సీటు కోసం ఇద్దరు జుట్లు పట్టుకోబోయారు. ఒక పెద్దమనిషి తన ఊరు దాటిపోయిందని నన్ను నోటికొచ్చినట్టు తిట్టాడు. నేను నా కళ్లు తలుపు మీద పెట్టి, ఈదుకుంటూనే ఉన్నాను. మధ్యలో ఒకసారి అత్తమ్మ వైపు చూశాను. ఆమె ఎవరితోనూ మాట్లాడటం లేదు. ముఖం చిన్నబోయింది. నా కాళ్లనే చూస్తోంది, అవి ఎక్కడ ఆనుతున్నాయో వెతుకుతున్నట్టు.

ఊరు దాటి బస్సు మక్క చేన్ల మధ్యకు వచ్చింది. మెట్టు మీద ముగ్గురు ఆడవాళ్లు నిలబడ్డారు, ఒకామె చేతిలో పిల్ల. "లోపలికి రాన్రి, లోపలికి రాన్రి" అని అరుస్తున్నాను. అప్పుడు ఎదురుగా ట్రాక్టరు వచ్చింది. బ్రేకు పడింది. పిల్ల తల్లి ఊగింది, కడ్డీ పట్టుకుని నిలదొక్కుకుంది. ఏమీ కాలేదు. నా గుండె మాత్రం అదిరింది.

అంగీ మీది నుంచే తడుముకుని బటన్ నొక్కాను. చప్పుళ్లు దూరం జరిగాయి. కిటికీ బయట మక్క కంకుల మీద ఎండ బంగారంగా ఉంది. దూరంగా ఉన్న దేన్నో చూద్దామనుకుంటే ఏదీ కంటికి ఆనలేదు. ఆ మెత్తటి మత్తులో, జనాన్ని రెండు చేతులా పాయలు చేసుకుంటూ ఒక ఇస్త్రీ చీర నా వైపు రావడం కనిపించింది. అత్తమ్మ పెదవులు కదులుతున్నాయి, నాకేమీ వినిపించడం లేదు. అరచెయ్యి తెచ్చి నా ఛాతీ మీద, తీగల మధ్యన ఆనించింది. కాసేపు అలాగే పెట్టి ఉంచింది. ఆమె కళ్లు పెద్దవయ్యాయి.

"గిదేనా?" అంది.

"గిదే అత్తమ్మా."

"నెలల సంది గిదేనా?"

తల ఊపాను. ఆమె వెనక్కి తిరిగి, నాట్లప్పుడు ఆ మడి నుంచి ఈ మడికి పిలిచే గొంతుతో, "డ్రైవర్ బిడ్డా, బస్సాపు!" అని అరిచింది. బస్సు ఆగింది. ఎవరో సణిగారు, లగ్నం దాటిపోతుందని. ఒక సీటులో ఉన్న ఆడపిల్ల తనంతట తనే లేచింది. డ్యూటీలో ఉండగా జనం నిండిన బస్సులో నేను కూర్చోవడం అదే మొదటిసారి. అత్తమ్మ పక్కనే నిలబడి చెయ్యి తీయలేదు. ఇంజన్ ఆగిన బస్సులో గాలికి మక్క ఆకుల చప్పుడు వినిపించింది. ఆమె చేతి కింద నా గుండె తోసుకుని తోసుకుని, అలసి, చివరికి ఒక్కొక్కటిగా నడవడం మొదలుపెట్టింది. అది నాకంటే ముందు ఆమెకే తెలిసినట్టుంది. "ఆ, దిగింది" అని గుసగుసలాడింది. తర్వాత డ్రైవరు వైపు తిరిగి, "రైట్" అంది. బస్సంతా నవ్వింది, నేను కూడా.

రిపోర్టు రోజు మేం ముగ్గురం వెళ్లాం. మా ఆయనకు లోపల జాగ లేక బయటే నిలబడ్డాడు. డాక్టరమ్మ తెర మీద గీతలు జరుపుతూ జరుపుతూ ఒకచోట ఆగింది. అప్పటిదాకా దూరం దూరంగా ఉన్న గీతలు అక్కడ ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. "దొరికింది" అంది. ఆమె చెప్పిన పేరు నాకు గుర్తు లేదు. ఒత్తిడి మీద పడ్డప్పుడు గుండె లయ తప్పుతోందని, మందుందని, భయపడాల్సింది కాదు గానీ వదిలేయాల్సింది కూడా కాదని, కూర్చుని చేసే పని ఇమ్మని రాసిస్తానని చెప్పింది. నాకు కళ్లనీళ్లు వచ్చాయి. జబ్బు ఉందని చెబితే ఇంత సంతోషపడ్డ మనిషిని ఆమె కూడా చూసి ఉండదు.

రాసుకుంటూ రాసుకుంటూ తలెత్తి, "బటన్ నొక్కిన టైములో ఏం జరిగింది? ఎలా అనిపించింది చెప్పండి" అని అడిగింది.

నేను గొంతు సవరించుకున్నాను. వానాకాలం నుంచి ఎంతమందికి చెప్పానో. చెప్పిన ప్రతిసారీ ఎదుటి ముఖంలో గ్యాస్ అన్న మాట తయారవుతుంటే చూస్తూ చెప్పాను. ఇప్పుడు మళ్లీ మొదలుపెట్టాలి, సరిగ్గా చెప్పాలి, నమ్మేలా చెప్పాలి. నేను నోరు తెరిచేలోపు అత్తమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది.

"నేను జెప్త డాక్టరమ్మా. మెట్ల మీద ముగ్గురున్నరు. ఒకామె చేతుల పిల్ల. ట్రాక్టరొచ్చింది. గప్పుడు గీమె మొఖం తెల్లగయింది, చేతులు సల్లగయినయి. నేను ఛాతీ మీద చెయ్యి వెట్టిన. లోపట ఆగి, మల్ల ఉరికింది. గట్ల చానసేపు. గీమెకు చెవులు వినరాలె, నేను పిలిస్తె తెల్వలె..."

డాక్టరమ్మ రాసుకుంటోంది. మా అత్తమ్మ ఏ ఒక్కటీ వదలకుండా, తనకే జరిగినట్టు చెబుతూనే ఉంది. మందు ఇంకా మింగలేదు, డ్యూటీ ఇంకా మారలేదు. నేను కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాను. నా గుండె గురించి ఇక నేనొక్కదాన్నే చెప్పుకోవలసిన పని లేదు.